పల్లంరాజు గారి స్మారక గొడుగు

ఆ శనివారం పొద్దున జ్ఞానప్రకాశం మేష్టారి ఏర్పాట్లలో ఒక్క లోపమూ లేదు. లోపమల్లా మేష్టారిలోనే ఉంది. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఎవరైనా చెబితే వింటే కదా!

1894 నాటి సంగతి. గోదావరి గట్టున ఉన్న ఆ మిషను బడిలో పిల్లలకు తెరచాప పడవ నడపడం నేర్పినవాడు పల్లంరాజు. చేపలు పట్టుకు బతికిన మనిషి. ఆయన పోయి ఆ రోజుకు సరిగ్గా ఏడాది. భార్య అప్పాయమ్మకు పిల్లల్లేరు. "ఏడాదికోసారి మా ఆయన పేరు ఈ గట్టుమీద గట్టిగా పిలిస్తే చాలండి మేష్టారూ" అని అడిగింది. మేష్టారు మాటిచ్చి, ఆయన పేర పిల్లలకు పడవ పందెం పెట్టి, బహుమతులు ప్రకటించారు. పందెం సవ్యంగా జరిగితేనే పడవల తరగతి ఉంటుందని, లేకపోతే ఆ నాలుగు పడవలూ ఇటుకలు మోయడానికి పోతాయని మిషను దొరగారు తేల్చేశారు.

బహుమతులు ముందురోజే రాజమండ్రిలో కొన్నారు. పిల్లలకు పనికొచ్చేవి కావాలని గొడుగు, చెప్పుల జోడు, కంచు చెంబు ఎంచారు. కొట్టు చంద్రరావు ఆ మూడింటినీ చూసి గొంతు తగ్గించాడు.

"పాపం, ఎవరు పోయారండీ?"

"పల్లంరాజు గారండి. రేపటికి ఏడాది."

"అయితే నువ్వులు కూడా కట్టమంటారా?"

"కట్టండి, కట్టండి. పిల్లలకి ఉండలు చేయిద్దాం" అన్నారు మేష్టారు సంబరంగా. చంద్రరావు నోరెళ్లబెట్టి కట్టాడు.

పొద్దున్నే మూట విప్పిన మేష్టారి భార్య సంపూర్ణమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "ఏవండీ, ఇవి..."

"నీకు తెలీదు, ఊరుకో."

"అది కాదండీ, చచ్చిపోయినవాళ్ల పేరు మీద..."

"అందుకే కదా కొన్నది! ఊరుకోమన్నానా?"

ఆవిడ మూట మళ్లీ కట్టేసింది. మేష్టారు పుట్టుకతోనే క్రైస్తవులు. సంపూర్ణమ్మ బాప్తిస్మం పదేళ్లు వచ్చాక జరిగింది. ఆ పదేళ్లలో చూడవలసినవన్నీ చూసింది.

గట్టుమీద బల్లపై తెల్లగుడ్డ పరిచి, గొడుగు, చెప్పులు, చెంబు, నువ్వులు వరసగా పేర్చారు మేష్టారు. అది చాలదన్నట్టు పక్కనే పల్లంరాజు పాత తలగుడ్డ కూడా పెట్టారు. చూడ్డానికి వచ్చిన తల్లులు బల్లకు ఆమడ దూరం జరిగారు.

"అయ్యబాబోయ్! దినం దానాలు!" అంది బుల్లియ్య తల్లి అచ్చాయమ్మ. "ఒరే బుల్లియ్యా, అవి పట్టావంటే ఆయన పాపమంతా నీకు చుట్టుకుంటాది. గెలిచావో, ఇంటికి రాకు!"

మిగతా ముగ్గురు తల్లులూ కొడుకుల చేత ఒట్లు వేయించుకున్నారు.

గంట కొట్టారు. దిగువన ఎర్రజెండా దాటినవాడిదే గెలుపు. ఒక్క పడవా కదల్లేదు. ఒకడు తెరచాప దింపేశాడు. ఒకడు గెడ పాతి పడవను దానికి కట్టేశాడు. మూడోవాడు నిష్ఠగా వెనక్కి పోతున్నాడు. ఖర్మ కాలింది బుల్లియ్యకే. గాలి వాడి పడవను జెండావైపు తోస్తోంది. వాడు బావురుమని నీళ్లలోకి దూకి, పడవ తోక పట్టుకుని వేలాడాడు.

"జ్ఞానప్రకాశమా, వీరెందు నిమిత్తము వెనుకకు పోవుచున్నారు?" అని దొరగారు తన పుస్తకాల తెలుగులో అడిగారు.

మేష్టారికి ఒళ్లు మండిపోయింది. "గెలవండ్రా! గెలిచినవాడికి గొడుగు!" అని అరిచారు. మూడోవాడు ఇంకా జోరుగా వెనక్కి పోయాడు. "ఓడినవాడికి బెత్తం దెబ్బలు!"

"బెత్తం దెబ్బలే ఇవ్వండి మేష్టారూ!" అన్నారు నలుగురూ ఒక్క గొంతుతో.

ఇక అచ్చాయమ్మ ఆగలేదు. "మా పిల్లోళ్లకి దినం దానాలు అంటగడతారేంటండీ?" అని నిలదీసింది. మేష్టారికి అప్పుడు వెలిగింది. భార్యవైపు తిరిగి "ముందే చెప్పొద్దూ?" అన్నారు.

"రెండుసార్లు నోరు తెరిచానండి."

దొరగారు ఇటుకల సంగతి ఎత్తారు. అప్పటిదాకా గట్టుమీద కూర్చుని చూస్తున్న అప్పాయమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మా ఆయన మీకు నేర్పింది వెనక్కి పోవడమట్రా?" అంటూ కొంగు బిగించి నీళ్లలోకి దిగింది. బుల్లియ్యను జబ్బ పట్టి గట్టుకు నెట్టి, తాను పడవెక్కింది. ఒక చేత చుక్కాని, ఒక చేత తెరచాప తాడు. ఆ వయసు మనిషి ఎర్రజెండాను గాలిలా దాటి, తిరిగొచ్చి, తడిచీరతో బల్ల ముందు నిలబడింది.

"పిలవండి మేష్టారూ."

మేష్టారు నదివైపు తిరిగారు. అవతలి గట్టుకు వినపడేలా పిలిచారు. "పల్లంరాజు గారి స్మారక బహుమతి... అప్పాయమ్మ గారు!"

ఆమె కళ్లు తుడుచుకుని బల్లమీదివన్నీ ఒళ్లో వేసుకుంది. తల్లులవైపు తిరిగి, "ఇవి నేను రెక్కలాడించి గెలుచుకున్న సామాను. దానం కాదు. నా దగ్గర్నించి గెలుచుకునే మొనగాడుంటే రమ్మనండి" అంది.

అచ్చాయమ్మ గొడుగును ఎగాదిగా చూసింది. కొత్త గొడుగు. "ఒరే బుల్లియ్యా, ఏం చూస్తున్నావురా? పడవెక్కు!" అంది.

రెండో పందెంలో నాలుగు పడవలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయాయి. గొడుగు బుల్లియ్యకు వచ్చింది, తరగతి నిలిచింది. కానీ మొదటి పందెం ఫలితం దొరగారు అప్పటికే రాయించేయడం వల్ల బడి దస్త్రంలో మాత్రం ఇలా ఉండిపోయింది: "బాలుర పడవ పందెము. ప్రథమ బహుమతి, అప్పాయమ్మ. వయస్సు అరువది."