మైకెక్కిన అంచనా

బందు రోజు పొద్దున్నే లేవాల్సిన అవసరం మానుకోటలో ఎవరికీ ఉండదు. అయినా యుగేందర్ ఎవరూ లేపకుండానే లేచి, ముఖం మీద నీళ్లు చల్లుకుని, కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. టీ చల్లారేలోపు అంచనా తేల్చెయ్యాలి. ఆ అంకెను భార్య సౌందర్యకు చెప్పాలి. ఆమె మొగుళ్లపల్లిలో ఉన్న తండ్రికి ఫోను చెయ్యాలి. ఆయన స్కూటరేసుకుని భూపాలపల్లి పోయి రాజమౌళి సేటు చెవిన వెయ్యాలి. భోజనాల వేళకల్లా యుగేందర్ జీవితంలో మొదటి మొబైల్ యాప్‌కు బేరం కుదిరిపోవాలి. ఇదీ అతని పథకం.

రాజమౌళి సేటుది భూపాలపల్లిలో విత్తనాల దుకాణం. రాష్ట్రం కోసం ఉద్యమం ఉడుకుతున్న రోజులవి. ఎప్పుడు బందో, ఏ రోడ్డు మీద రాస్తారోకోనో, ఎక్కిన బస్సు ఎక్కడ దించేస్తుందో దేవుడికే ఎరుక. ఆ కబురంతా టచ్ ఫోనులో చూపించే యాప్ ఒకటి చేయించి, దాని నెత్తిన తన ఫోటో పెట్టించుకోవాలని సేటు ముచ్చట. రాబోయే ఎన్నికల మీద ఆయనకు ఓ కన్నుంది లెండి.

సేటుకు ముచ్చటే గానీ యుగేందర్‌కు ఇది బతుకు సమస్య. ఎంసీఏ చదివి మానుకోటలో కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. వారంలో సగం రోజులు బందు, తెరిచిన రోజున కరెంటు ఉండదు. ఈ సంగతి కనిపెట్టిన మామ శ్రీశైలం, మొగుళ్లపల్లిలో తన ఎరువుల దుకాణంలో గల్లాపెట్టె పక్కన అల్లుడి కోసం కుర్చీ కూడా వేయించాడు. ఉగాదిలోపు సెంటర్ నిలదొక్కుకోకపోతే అల్లుడు వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలి. యూరియా వాసన పడితే యుగేందర్‌కు తుమ్ములు ఆగవు. దానికంటే కష్టం, రోజంతా మామ చెప్పే వ్యాపార సూత్రాలు వినడం.

చివరికి లెక్క తేలింది. హైదరాబాద్‌లో బొమ్మలు గీసిపెట్టే స్నేహితుడికి, సర్వర్ అద్దెకు, పరీక్షించి చూడటానికి ఓ పాత టచ్ ఫోనుకు, తన కష్టానికి, అన్నీ కలిపి ముప్పై వేలు. అందులో రూపాయి ఎక్కువ లేదు, తక్కువ లేదు. యుగేందర్‌కు తన నిజాయితీ తనకే ముద్దొచ్చింది. ఇంత సూటి లెక్కకు మధ్యలో మనుషులెందుకు అనిపించింది.

"ముప్పై అని సేటుకు నేనే ఫోను జేస్త, అయిపాయె" అన్నాడు.

సౌందర్య అట్లకాడతోనే వచ్చింది. "ఏందయ్యా, మా బాపును మధ్యల పెట్టుకొని నువ్వే ధర మాట్లాడుతవా? ఆయన మొకం ఏమైతది? పెండ్లి మాటలు నువ్వే మాట్లాడుకున్నవా?"

అదీ నిజమే. పెద్దమనిషి మధ్యలో ఉన్నాక మాట ఆయన నోటి నుంచే పోవాలి. యుగేందర్ ఫోను ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని చెవికి ఆనించుకుని, మొగుడి వైపు ఒకసారి జాలిగా చూసి, "బాపూ, అరవై వేలైతదట" అంది.

ఫోను పెట్టేదాకా ఆగి, "అరవై ఎక్కడిది?" అన్నాడు యుగేందర్.

"సేటు సగానికి అడుగడా? అప్పుడు ముప్పైయే గద."

ఆ మాటలో తప్పేమీ లేదు. ధర చెబితే సగానికి అడగడం అక్కడి ఆచారం. చీర కొన్నా, ఎడ్లు కొన్నా అంతే. అడగకపోతే అమ్మేవాడికే అవమానం. అయితే ఆ ఆచారం శ్రీశైలానికి కూతురి కంటే బాగా తెలుసన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. బిడ్డ చెప్పిన అరవై వేలే అసలు ధరనుకుని, సేటు సగం కొట్టినా అల్లుడికి నష్టం రాకూడదని, ఆయన భూపాలపల్లిలో లక్షా ఇరవై వేలని చెప్పాడు. చెప్పినచోటు మాత్రం చూసుకోలేదు. సేటు అప్పుడు నిరాహార దీక్షా శిబిరంలో, జనం మధ్యన, చేతిలో మైకుతో కూర్చుని ఉన్నాడు.

మధ్యాహ్నం శ్రీశైలం ఫోను చేశాడు.

"అల్లుడా, సేటు బేరమాడలే."

"ఆడలేదా? మరేమన్నడు మామా?"

"నేను లక్షా ఇరవై అని చెప్తే, ఉద్యమం పని కాడ బేరమేందన్నడు. మైకుల లక్షా యాభై ఇస్తున్నా అని చెప్పిండు. జనం సప్పట్లు కొట్టిండ్రు. నా మెడల గూడ ఒక కండువా ఏసిండ్రు."

యుగేందర్ అలాగే గోడకు జారగిలబడ్డాడు. అరవై కాస్తా లక్షా ఇరవై కావడం మామ పని, దాని పైన ఎక్కిన ముప్పై వేలు మైకు గుణం అని అర్థమైంది. మర్నాడు పేపరు చూస్తే అంకె ఇంకా పెరిగి ఉంది. విలేకరి కూడా తన వంతు చెయ్యి వేసి, 'బందుల యాప్‌కు రెండు లక్షలు' అని అచ్చు వేయించాడు. పక్కనే దండం పెడుతున్న సేటు ఫోటో.

ఆ సాయంత్రం భూపాలపల్లి నుంచి ఇంకో ఫోను వచ్చింది. శిబిరం లెక్కలు చూసే బిక్షం సారు. రిటైరైన లెక్కల మాస్టారు.

"తమ్మీ, రెండు లక్షలంటే మాటలు గాదు. శిబిరం పేరు మీద వచ్చే పైసలు. రేపు ఎవడన్న మింగిండ్రంటే నేను మొకం ఏడ పెట్టుకోవాలె? ఆదివారం లెక్క తెచ్చి అందరి ముంగట సదువు."

యుగేందర్‌కు నిజంగా భయం పట్టుకుంది. అప్పటిదాకా పోతే సెంటర్ పోతుందనుకున్నాడు. ఇప్పుడు పోయేది పేరు. ఉద్యమం సొమ్ము తిన్నాడన్న మాట ఒక్కసారి పడితే ఆ రోజుల్లో మానుకోటలో కాదు కదా, మొగుళ్లపల్లి యూరియా బస్తాల చాటున కూడా తలదాచుకునే వీలు లేదు. అన్నం సయించలేదు. ఎవరు తలుపు తట్టినా లెక్క అడగడానికే వచ్చారనిపించింది.

"గింత పరేషాన్ ఎందుకు? రెండు లక్షలకు లెక్క రాస్తే అయిపాయె" అంది సౌందర్య.

రాయడం మొదలుపెట్టారు. స్నేహితుడి బొమ్మలకు మూడింతలు వేశారు. సర్వర్‌కు ఏసీ పెట్టారు. ఆ సర్వర్ ఎక్కడుందో యుగేందర్‌కే తెలియదు. జనరేటర్ రాశారు, దానికి డీజిల్ రాశారు, డీజిల్ తేవడానికి ఆటో రాశారు.

"నువ్వు ఆలోచన జేసినందుకు ఇరవై వేలు రాయి" అంది సౌందర్య.

"గంత ఆలోచన నేనేం జేసిన?"

"ఇప్పుడు జేస్తలేవా?"

అదీ రాశారు. ఎంత పిండినా ఎనభై మూడు వేల దగ్గర ఆగిపోయింది. తన బతుకులో అంత డబ్బు ఖర్చు చేసిన అనుభవం లేకపోవడం వల్ల, కాగితం మీద కూడా యుగేందర్‌కు చెయ్యాడలేదు. కాగితం చింపి పొయ్యిలో వేశాడు. "ఉన్నదున్నట్టు చెప్త. తిడితే తిడుతరు" అన్నాడు.

ఆదివారం వరంగల్ మీదుగా పోయి, పరకాలలో బస్సు మారి భూపాలపల్లి చేరాడు. శిబిరం నిండా జనం. వేదిక మీద సేటు, బిక్షం సారు, ఓ మూలన కొత్త కండువాతో శ్రీశైలం. సేటు కళ్లు గుంటలు పడి ఉన్నాయి. మైకులో అనేసిన మాట, పేపర్లో పడిన అంకె, రెండూ ఆయనకు నిద్ర లేకుండా చేస్తున్నాయని యుగేందర్‌కు తెలియదు.

మైకు చేతికొచ్చింది.

"అన్నలారా, అక్కలారా. నేను అబద్ధం చెప్పలేను. గీ యాప్‌కు రెండు లక్షలు అక్కర్లేదు. ముప్పై వేలల్ల అయిపోతది."

శ్రీశైలం కండువాతో ముఖం తుడుచుకున్నాడు. యుగేందర్ కళ్లు మూసుకుని మొదటి తిట్టు కోసం ఎదురుచూశాడు.

అందరికంటే ముందు తేరుకున్నవాడు సేటు. ఉన్నపళంగా లేచి మైకు అందుకున్నాడు. వారం రోజుల తరువాత ఆయన ముఖంలోకి నెత్తురొచ్చింది.

"విన్నరా? రెండు లక్షలు తీస్కోవాల్సిన పిలగాడు లక్షా డెబ్బై వేలు ఇడిసిపెట్టిండు. ఎవని కోసం? తెలంగాణ కోసం. గిసొంటి బిడ్డలుంటే రాష్ట్రం రాక ఏడికి పోతది?"

చప్పట్లు మోగాయి. యుగేందర్ అది కాదన్నట్టు చెయ్యి ఊపాడు. అభివాదం అనుకుని జనం ఇంకా గట్టిగా కొట్టారు. ఎవరో మెడలో బంతిపూల దండ వేశారు.

బిక్షం సారు మాత్రం పెన్సిలు దించలేదు. "మరి ఆ ముప్పై వేలు ఎవరి ఖాతల రాయాలె?"

"గంత ఇడిసినోడు గీ ముప్పైకి చెయ్యి చాపుతడా, సారూ?" అని సేటు యుగేందర్ భుజం చుట్టూ చెయ్యేశాడు. "ఏం తమ్మీ?"

వందమంది తన నోటి వైపే చూస్తున్నారు. దండ బరువుకో భయానికో యుగేందర్ తల ముందుకు వాలింది. ఆ తలూపుకు శిబిరం దద్దరిల్లింది.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. ఈసారి సేటుది కాదు, యుగేందర్‌ది. రెండు లక్షల దాత. పది గంటలకల్లా జనగామ నుంచి ఎవరో ఫోను చేసి, తమ శిబిరానికి టెంటు కిరాయి ఇప్పించమని అడిగారు. యాప్ చెయ్యకపోతే పరువు పోతుంది, చేస్తే ముప్పై వేలు పోతాయి. ఇక మిగిలింది మామగారి కుర్చీయేనని యుగేందర్ నిశ్చయించుకున్నాడు. బట్టలు సర్దుతుండగా శ్రీశైలమే పేపరు చంకలో పెట్టుకుని దిగాడు.

"ఏడికి?" అన్నాడు పెట్టెను చూసి.

"మొగుళ్లపల్లికి మామా. రేపటి సంది దుకాణంల కూసుంట."

శ్రీశైలం ఉలిక్కిపడి పెట్టె మూత మూసేశాడు. "వద్దు వద్దు. అరవై వేల పని ఊకెనే ఇచ్చి పూలదండ ఏసుకొచ్చినోన్ని గల్లా కాడ కూసోబెడితే, నా దుకాణం నాల్గొద్దులల్ల దానం జేస్తవు. నువ్వు ఈడనే ఉండు. నా బిడ్డ సంసారం నడువాలె, నువ్వు నా గల్లా దిక్కు రావొద్దు. చెప్పు, గీ సెంటరు నిలబడాలంటే నీకు ఎంత గావాలె?"

యుగేందర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉన్నదున్నట్టు ముప్పై వేలని చెప్పడానికి నోరు తెరిచాడు. వంటింట్లోంచి సౌందర్య గొంతు అంతకంటే ముందొచ్చింది.

"అరవై వేలు, బాపూ."

"గంతనా? ముప్పై ఇస్త. గంతే."

సౌందర్య గుమ్మంలోకి వచ్చి, మనసు చిన్నబోయినట్టు కాసేపు నిలబడి, సరేనంది.

అప్పటి నుంచి ఏ యాప్‌కు ఎంతవుతుందని ఎవరు అడిగినా, యుగేందర్ ఫోను ఆమె చేతికిచ్చి టీ తాగడానికి పోతున్నాడు.