నెల రోజుల క్యూరింగ్

మా ఇంటి గేటు నుంచి మెట్ల దాకా ఉన్న కాంక్రీటు బాట పగిలి, పెచ్చులూడి, నా ముఖంలాగే తయారైంది. ఎందుకు తవ్విస్తున్నావని కోరుట్లలో ఎవరడిగినా పాతదైందని చెప్పాను. మీకు మాత్రం నిజం చెప్తాను. మా బామ్మర్ది కారు కోసం తవ్వించాను. అది రాకుండా ఉండటం కోసం.

బామ్మర్ది పేరు గంగాప్రసాద్. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేయిస్తాడు. ప్రతి ఆదివారం కారును నేరుగా మా బాట మీదికి ఎక్కిస్తాడు. నా స్కూటర్ గోడకు అతుక్కుపోతుంది. మటన్ ముక్కలు అతని పళ్లెంలోకి, పులుసు నా పళ్లెంలోకి పోతాయి. పొద్దుగూకితే వెళ్లిపోతాడు. అతనిలో నాకు నచ్చిన గుణం అదొక్కటే.

మేస్త్రీ కొమురెల్లి పాతదంతా మిషన్‌తో పగలగొట్టి, ట్రాక్టర్‌లో ఎత్తి పంపి, కొత్త బాట పోశాడు. మర్నాడు దాని మీద మట్టి గట్లు కట్టి, వరి మడిలాగా నీళ్లు నిలిపాడు.

"క్యూరింగ్‌కు వారం రోజులు నీళ్లు పట్టుండ్రి. తర్వాత కారు ఎక్కియ్యచ్చు" అన్నాడు.

అతన్ని సాగనంపి వచ్చి నా భార్య భాగ్యకు "నెల" అని చెప్పాను.

"కొమురెల్లి వారమన్నడు గద. నేను ఇన్న."

"వానికేం ఎరుక? దుబాయిల ఏండ్లకేండ్లు పోసినోన్ని నేను."

"నువ్వు పోసింది చాయ్."

"కాంక్రీటు పోసేటోళ్లకే గద పోసింది. అన్నీ చూసిన. నెల లోపల కారెక్కితే పర్రెలు వడ్తయి. మీ తమ్మునికి చెప్పు."

భాగ్య మారుమాట్లాడకుండా ఫోన్ అందుకుంది. ఆమె మారుమాట్లాడలేదంటే నేను భయపడాలి. ఆ రోజు సంతోషపడ్డాను.

"తమ్మీ, నెల దాక నీళ్లు పట్టాల్నంటున్నడు మీ బావ. నడుము నొప్పి మనిషి, ఎట్ల పడ్తడో ఏమో" అంది.

ఆదివారం కారు రాలేదు. ముక్కలన్నీ నావేనని మటన్ ముందు కూర్చున్నాను. గేటు బయట ఆటో ఆగింది. గంగాప్రసాద్ రెండు బ్యాగులతో దిగాడు.

"బస్సుకచ్చిన బావా. సాంచాలు ఎట్లాగూ బందున్నయి. ఈ నెల నువ్వు పైపు ముట్టకు."

మంచం అతనిదైంది, చాప నాదైంది. ఆదివారం ఒక్కపూట పోయే ముక్కలు ఇప్పుడు ఏ పూటకాపూట పోతున్నాయి. పొద్దున, సాయంత్రం పైపు పట్టుకుని బాటను పసిపిల్లకు నీళ్లు పోసినట్టు తడుపుతున్నాడు.

వారం నిండగానే బాట మీద స్కూటర్ నడిపి చూపించాను.

"సూడు, గట్టిపడ్డది. ఇగ నువ్వు పో. ఆదివారం కారేసుకుని రా."

"నెల గాలేదు గద బావా. పని సగంల ఇడిసి పోతే అక్క ఏమనుకుంటది?"

"నేను చెప్తున్న గద, రాయి లెక్కయింది."

నమ్మకం కలగాలని గడ్డపార తెచ్చి బాట అంచు మీద ఒక్కటి వేశాను. అరచేయంత ముక్క ఊడి నా కాళ్ల ముందు పడింది.

కొమురెల్లి వచ్చి, నన్ను ఒకసారి, గడ్డపారను ఒకసారి చూసి, అతుకు వేసిపోయాడు.

"దీనికెన్ని రోజులు నీళ్లు పట్టాలె?" అని భాగ్య నన్నే అడిగింది.

నేను నోరు తెరిచేలోగా గంగాప్రసాద్ సిరిసిల్లకు ఫోన్ చేసి, ఇంకో బ్యాగు పంపమన్నాడు.