ఉల్లిపొర రంగుకు గడి లేదు

ధ్రువం దగ్గర చూసే జనం చాలడం లేదని ధ్రువకాంతిని పొన్నలంక మండలానికి బదిలీ చేసి వచ్చే శివరాత్రికి పన్నెండేళ్ళు. ఉత్తర్వు అందిన మర్నాడే అది వచ్చి చేరింది. రోజూ దీపాలు పెట్టే వేళకు గోదావరి పాయకు పడమటగా తెరలు తెరలుగా వేలాడి, నలభై నిమిషాలు ఉండి వెళ్ళిపోయేది. ఆదివారం సెలవు.

దానికి ఒకటే షరతు. ఈవేళ జనం చూసి ఏది రాస్తే రేపు అదే వస్తుంది. రాయనిది రాదు, మళ్ళీ ఎప్పటికీ రాదు. అందుకని పంచాయతీ అరుగు మీద ఓ లావుపాటి పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను పెట్టి, పౌరులే పరిశీలకులని చాటింపు వేశారు. పొన్నలంక వాళ్ళకు పని చెబితే కదలరు గాని, అభిప్రాయం అడిగితే ఆగుతారా?

ఆ రోజులే వేరు. డాబాల మీద చాపలు, చాపల మీద ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, పక్క డాబాతో వాదనలు. రాయడానికి ఎవరికీ మొహమాటం లేదు. "బూరెలు తీశాక మూకుట్లో మిగిలిన నూనె రంగు" అని ఒకావిడ రాస్తే, మర్నాడు అదే రంగు నురగతో సహా వచ్చింది. ఒకాయన "మా ఆవిడ అలిగిన రంగు" అని రాశాడు. మర్నాడు ఊరంతా తలెత్తి చూసి, అవునవును, అచ్చం ఇదే అన్నారు. ఆవిడ నాలుగు రోజులు పొయ్యి వెలిగించలేదు.

దొంతంశెట్టి విరూపాక్షం మాత్రం రోజూ ఒక్క ముక్కే రాసేవాడు: "పడమటి కొసన ఉల్లిపొర రంగు, వక్క నమిలేంత సేపు." చేనేత సొసైటీలో ముప్ఫై ఏళ్ళు నూలుకు రంగులు వేసిన మనిషి. ఆ రంగు ఆయన చేతిలో ఒక్కసారే పుట్టింది, అదీ పొరపాటున. అన్నం చల్లారిపోతోందని భార్య భ్రమరాంబ కేకేస్తే, గులాబీ రంగు బాన పొయ్యి మీద వదిలేసి వెళ్ళాడు. తిని వచ్చేసరికి నూలు ఇంకో రంగుకు తిరిగింది. పేరుకు ఉల్లిపొర అన్నాడు గాని, ఏ ఉల్లిపాయకూ ఆ రంగు లేదు. సొసైటీ వాళ్ళు వద్దన్న ఆ నూలుతో చీర నేయించి భ్రమరాంబకే ఇచ్చాడు. తర్వాత ఎన్ని బానలు మాడ్చినా అది మళ్ళీ రాలేదు. ఆవిడ పోయినప్పుడు ఆ చీరతోనే సాగనంపారు. ఇక ఆ రంగు మిగిలింది ఆకాశంలోనే.

మొన్న కార్తీకంలో పుస్తకం తీసేస్తున్నామని నోటీసు అంటించారు. సోమవారం నుంచి ఫోన్లో నొక్కాలి. గడులు నాలుగు: ఆకుపచ్చ, ఎరుపు, ఊదా, ఇతరములు. విరూపాక్షం శనివారమే మండలాఫీసుకు వెళ్ళాడు. కాంతి పరిశీలన అధికారి ప్రశాంతి కుర్చీ వేయించింది.

"అమ్మాయ్, ఉల్లిపొర రంగు ఏ గడిలో వెయ్యమంటావ్?"

"ఎరుపులో వేసేయండి, బాబాయ్ గారూ."

"ఎరుపు కాదమ్మా అది."

"పోనీ ఊదాలో?"

"ఊదాకీ దానికీ చుట్టరికమే లేదు."

"అయితే ఇతరములు నొక్కండి. మీలాంటోళ్ళ కోసమే పెట్టారండి అది."

"నొక్కాక ఏ రంగో రాసుకోడానికి చోటుంటదా?"

"ఉండదండి. నొక్కడం వరకేనండి." ప్రశాంతి గొంతు తగ్గించింది. "ధ్రువం దగ్గరున్నప్పుడు మూడే రంగులుంటే మీ మండలంలో మూడు వేలేంటని పైనుంచి అడుగుతున్నారండి. నన్నేం చెప్పమంటారు?"

ఇంకో నిబంధన కూడా చెప్పింది. ఏ గడికైనా కనీసం నాలుగు వందల మంది నొక్కితేనే పరిగణన.

విరూపాక్షం తిన్నగా ఏసుదాసు టీకొట్టుకు వచ్చి సంగతి చెప్పాడు. సోమవారం అందరూ ఇతరములే నొక్కాలి, నొక్కేటప్పుడు ఉల్లిపొరను తలుచుకోవాలి. మనసులో రంగుంటే గడి ఏదైతేనేం?

"నీ పెళ్ళాం చీర కోసం ఊరంతా బొటనవేళ్ళు అరగదీసుకోవాలా, బావా?" అన్నాడు ఏసుదాసు.

"నాలుగొందల వేళ్ళు చాలురా బాబూ."

"సర్లే, ఏడవకు. చెల్లెమ్మ వండిన పులస తిన్న నోరిది. నేను చెప్తాగా."

సోమవారం మండలమంతా నొక్కింది. ఒక్కరు కూడా తప్పలేదు. కాకపోతే, నొక్కేటప్పుడు ఎవరి రంగు వాళ్ళకు గుర్తొచ్చింది. బూరెలావిడకు మూకుడు, అలిగినావిడ మొగుడికి ఆవిడ మొహం, ఏసుదాసుకు వాళ్ళ నాన్న పడవకు పూసిన రంగు. ఉల్లిపొరను తలుచుకున్నది విరూపాక్షం ఒక్కడే.

మంగళవారం ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకు ఒకటే రంగు. విరూపాక్షం చూడగానే పోల్చుకున్నాడు. అన్ని రంగుల నూలూ ఒకే తొట్టిలో జాడించాక మిగిలే నీళ్ళ రంగది. ఆ తొట్టిలోంచి ఏ రంగునూ వెనక్కి తీయలేరని ఆయనకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు.

నూటికి నూరు శాతం ఏకాభిప్రాయం సాధించినందుకు మండలానికి ప్రశంసాపత్రం వచ్చింది. కనిపిస్తున్నది ఇతరములే కాబట్టి బుధవారం కూడా అందరూ ఇతరములే నొక్కారు. గురువారమూ అంతే. డాబా ఎక్కే పని లేకపోవడం మోకాళ్ళకు హాయిగా ఉందన్నారు. మాఘం పెళ్ళిళ్ళకు అందరూ ఆ రంగు చీరలే కావాలన్నారు. సొసైటీ వాళ్ళు విరూపాక్షాన్ని మళ్ళీ పనిలోకి పిలిచారు. ఈ రంగు మొదటి బానలోనే వచ్చింది. ప్రతిసారీ వచ్చింది.

ఓ సాయంత్రం టీ అందిస్తూ ఏసుదాసు అడిగాడు. "ఇంతకీ బావా, చెల్లెమ్మ చీర ఏ రంగన్నావు?"

చెబుదామని విరూపాక్షం నోరు తెరిచాడు. మాట నోట్లోనే ఉంది, దాని వెనక రంగు లేదు. కాసేపు పడమటికి చూశాడు.

"దగ్గర దగ్గర ఇదే, బావా," అన్నాడు.

"బాగుంటదిలే మరి."

"బాగుండేది," అని విరూపాక్షం ఫోన్ తీసి, ఆ పూట గడి నొక్కి, టీ చల్లారకముందే తాగేశాడు.