సత్తెమ్మ పెరటికి పచ్చదన ధ్రువపత్రం

మొక్కలను పెంచడం మనుషుల పని. అవి మొక్కలేనని ఒప్పుకోవడం ప్రభుత్వం పని. ఈ సత్యం గోపాల్‌పేట రోడ్డు పక్కన ఉండే సత్తెమ్మకు అరవై ఏళ్లు దాటినా తెలియలేదు. ఆమె మేక పెంటికలు, కూరగాయల తొక్కలు, రాలిన ఆకులు గుంతలో వేసి ఎరువు చేస్తుంది. పురుగు పడితే బూడిద చల్లుతుంది. బియ్యం కడిగిన నీళ్లు సొరపాదుకు పోస్తుంది. ఆ తీగకు కాసే మొదటి కాయను కోత పండుగనాడు చర్చిలో ప్రభువుకు అర్పిస్తానని మొక్కుకుంది. పండుగకు ఇంకా మూడు వారాలు. పిందె బొటనవేలంత ఉంది.

అప్పుడు విజయ్ వచ్చాడు. అతను గృహ హరిత ధ్రువీకరణ విభాగంలో పరిశీలకుడు. (ఆ ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క మొక్క ప్లాస్టిక్‌ది. దానికి నూటికి నూరు మార్కులు వచ్చాయి.)

"అమ్మా, ఎరువు సంచి ఏది?"

"సంచేంది బిడ్డా? గుంతల ఉన్నది, సూడు."

నిబంధన తొమ్మిది ప్రకారం సంచిలో ఉన్నది ఎరువు, గుంతలో ఉన్నది చెత్త. మర్నాడు ట్రాక్టరు వచ్చి చెత్తను ఎత్తుకుపోయింది. వారం తిరిగేసరికి 'సహజ ఎరువు' అని అచ్చువేసిన సంచి ఒకటి ప్రోత్సాహక బహుమతిగా వచ్చింది. అందులో దొరికిన గాజుముక్క గుంతలో పడిపోయిన తన గాజుదేనని సత్తెమ్మ గుర్తుపట్టింది.

తర్వాత పచ్చిక సంగతి. ఆ గడిలో సున్నా వేస్తే విజయ్ ఫోన్‌లోని పరిశీలన యాప్ ముందుకు కదలదు.

"గింత తీగ ఉన్నది గద, గది పచ్చగ లేదా?"

"పచ్చిక అంటె నేల మీద ఉండాలె అమ్మా. మీది పందిరెక్కింది."

"సొరతీగ పందిరెక్కక బస్సెక్కుతదా?" అన్నాడు మంచం మీది నుంచి ఆమె భర్త అబ్రహాం.

విజయ్ నొచ్చుకోలేదు. "నాకు తెల్వదా పెద్దాయనా? మా అవ్వ గూడ గిట్లనే పెంచుతది. ఫోన్‌కు తెల్వదు."

ధ్రువపత్రం లేని ఇంటికి నల్లా బంద్ అవుతుందని మెల్లగా చెప్పాడు. నల్లా బంద్ అయితే తీగ ఎండుతుంది. పచ్చిక పరచడానికి పందిరి ఉన్న చోటు తప్ప వేరే చోటు లేదు కాబట్టి, తీగ ఉంటే ధ్రువపత్రం రాదు.

సత్తెమ్మ మోకరించింది. మొక్కుకునేముందు ఏ విభాగం అనుమతీ తీసుకోలేదు, అది తప్పా అని దేవుణ్ణే అడిగింది. జవాబు రాకముందే విభాగం మనుషులు వచ్చి పందిరి పీకేశారు. ఎక్కడి నుంచో తెచ్చిన గడ్డిని చాపలా పరిచారు. దానికి రోజుకు పది బిందెల నీళ్లు, వారానికింత యూరియా కావాలి. (పర్యావరణాన్ని కాపాడాలంటే ఆ మాత్రం తప్పదు.) సత్తెమ్మ పెరడు పట్టణంలోనే మొదటి స్థానంలో నిలిచింది.

కోత పండుగ ఆదివారం అందరూ గుమ్మడికాయలు, జొన్న కంకులు తెచ్చారు. సత్తెమ్మ చేటలో గడ్డి తెచ్చింది.

"ఇదేందమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"మొక్కింది సొరకాయనే అయ్యగారూ. పర్మిషన్ గీదానికే ఇచ్చిండ్రు."

ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. కళ్లు తెరిచేసరికి, ఎవరో అర్పించిన మేక సగం గడ్డి మేసేసింది.

మొదటి స్థానం వచ్చినామె ఫొటో కోసం వచ్చిన విజయ్ ఫోన్ తీశాడు. 'పథకం వల్ల లబ్ధి పొందినవారి పేరు' అనే గడి మొదటి రోజు నుంచీ ఖాళీగానే ఉంది.

"మేక పేరేంది?" అని అడిగాడు.