ఆఫీసరు మెడలో నల్లపూసలు

ఆ రోజు చంద్రశేఖర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే పూసలహారం పూర్తి చేయించాలి. తాండూరులో బండెక్కి వికారాబాదులో దిగాలి. అక్కడి చేతిపనుల ప్రదర్శనలో హారాన్ని డైరెక్టరుగారికి చూపించి, హైదరాబాదుకు బదిలీ కొట్టేయాలి. బ్లాకు ఆఫీసరుగా తాండూరు నాపరాళ్ల దుమ్ము మింగీ మింగీ ఆయనకు విసుగొచ్చింది. భార్య అరుణాదేవికి అంతకన్నా ముందే వచ్చింది. బదిలీ అర్జీ డైరెక్టరుగారి దగ్గరే ఉంది. "ప్రదర్శనలో నీ పనితనం చూసి చెప్తా" అన్నాడాయన.

డైరెక్టరుగారికి సమష్టికృషి అన్న మాటంటే ప్రాణం. అందుకని చంద్రశేఖర్ మూడు రకాల పనిని ఒకే హారంలో ఇరికించాడు. హన్మమ్మ పూసలు గుచ్చి ముడులు వేస్తుంది. పెద్దేముల్ దేవమ్మ కొక్కెం సూదితో పూసల లేసు అల్లుతుంది. యాలాల్ మొగులమ్మ రాగితీగ చుట్టి పూసలతో పువ్వులు చేస్తుంది. ఎవరిది వాళ్లు చేస్తే కన్ను తిప్పుకోలేం. కలిపి చేయమనేసరికి ముగ్గురూ కొట్టుకు చచ్చారు. చివరి ముగింపు ఎవరు వేస్తే హారం వాళ్లదని వాళ్ల లెక్క. ఆ తగాదాను ఆఫీసరు ఆఫీసరులాగే తీర్చాడు. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, "ముగింపు నీదేనమ్మా, తక్కినోళ్లకు చెప్పకు" అన్నాడు.

అది చాలదన్నట్టు, మన సంస్కృతి కనబడాలని హారం నడుమ నల్లపూసలు పెట్టించాడు. అక్కడే కొంప మునిగింది. హారం మెడకు అంటిపెట్టుకుని ఉండాలి, కొలత చూడ్డానికి మాత్రం ఎవరి మెడా దొరకలేదు.

"పెండ్లిగాని పోరికి నల్లపూసలు ఎయ్యం సారూ. పెండ్లయినోళ్లం ఏస్కుంటె మల్ల తియ్యం" అంది హన్మమ్మ.

"మా అత్త సుత ఊకోదు" అంది దేవమ్మ.

"మరెట్ల? బండి టైమైతుంది!"

ముగ్గురూ ఆయన మెడవైపు చూశారు. మొగవాడి మెడకు ఏ ఆచారమూ అడ్డం లేదు.

"నాదా? సరే, జల్ది కానియ్యండి" అని చంద్రశేఖర్ కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, ప్రదర్శనలో ఇవ్వబోయే ఉపన్యాసం వల్లె వేయసాగాడు. తక్కిన ఇద్దరూ పనిముట్లకోసం బయటికి పోగానే హన్మమ్మ వెనకనుంచి రెండు కొసలూ కలిపి ముడి బిగించి, చాయ్ తాగడానికి పోయింది. దేవమ్మ వచ్చి, తనకన్నా ముందే ఎవరో ముగించారని మండిపడి, ముడి కనబడకుండా దానిమీద లేసు అల్లేసింది. తరవాత వచ్చిన మొగులమ్మ ఆ లేసుమీద తీగ చుట్టి పటకారుతో నొక్కిపారేసింది. ఉపన్యాసం అయిపోయి ఆఫీసరు లేచి హారం తీయబోతే అది గడ్డం దాటి రానంది.

"విప్పండి!"

"నాదే ఆఖరన్నరు గద సారూ, గిప్పుడు మొదలు నాదే విప్పమంటరా?" అంది మొగులమ్మ.

"నాదే ఆఖరని నాతోని అన్నడు!" అంది దేవమ్మ.

"నాతోని అనలేదా?" అంది హన్మమ్మ. ముగ్గురికీ అప్పుడే సంగతి అర్థమైంది. పొద్దుటినుంచీ మొదటిసారి ముగ్గురూ ఒక్కటయ్యారు, ఆఫీసరుమీద.

బంట్రోతు జంగప్ప కత్తెర పట్టుకుని ఉరికివచ్చాడు. సరిగ్గా అప్పుడే అరుణాదేవి ప్రయాణానికి ముస్తాబై లోపలికి వచ్చింది. ముగ్గురు ఆడవాళ్లు చుట్టూ నిలబడి ఉన్నారు. మధ్యలో తన భర్త, ఆయన మెడలో నల్లపూసలు.

"ఎవరు కట్టారు?"

"ముగ్గురమమ్మా" అంది దేవమ్మ.

"అంతా చెప్తా, ముందు తెంపనీ" అని చంద్రశేఖర్ కత్తెర అందుకున్నాడు.

"అయ్యో, మెడల నల్లపూసలు తెంపుతరా సారూ!" అని హన్మమ్మ నోరు నొక్కుకుంది. "ఆడిదాని మెడల తెగితె మొగునికి కీడు."

"నేను మొగోన్ని గదా!"

హన్మమ్మ కాసేపు ఆలోచించింది. "గట్లయితె పెండ్లానికి."

అరుణాదేవి బీయే చదివింది. ఇలాంటివి నమ్మదు. అయినా కత్తెర లాక్కుని తన చేతిసంచిలో వేసుకుంది. "నేను హైదరాబాదుకు ప్రాణాలతో పోవాలి" అంది.

బండిలో చంద్రశేఖర్ మెడకు తువ్వాలు చుట్టుకుని, గొంతునొప్పి అని అందరికీ చెప్పుకుంటూ వికారాబాదు చేరాడు. ముగ్గురు ఆడవాళ్లూ దారిపొడుగునా ఆయనకు వీపు తిప్పి కూర్చున్నారు. ప్రదర్శనలో తాండూరు బల్ల ఖాళీగా ఉంది.

"హారం ఏదయ్యా?" అన్నాడు డైరెక్టరు.

బదిలీ పోయిందనుకున్నాడు చంద్రశేఖర్. ఏడుపు ఆపుకుంటూ తువ్వాలు తీశాడు. డైరెక్టరు హారాన్ని ముందునుంచి చూశాడు, వెనకనుంచి చూశాడు. ముడి, లేసు, తీగ కలిసిన చోటు వేలితో తడిమాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఇదీ సమష్టికృషి! ముగ్గురి పని ఎక్కడ కలిసిందో విడదీసి చెప్పలేం. పైగా సిగ్గుపడకుండా తనే వేసుకుని వచ్చాడు!" అని ముగ్గురికీ చేతినిండా పని ఇప్పిస్తానని అక్కడికక్కడే ప్రకటించాడు. ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

"మరి నా బదిలీ సార్..." అని నసిగాడు చంద్రశేఖర్.

"బదిలీయా? నీలాంటివాణ్ని ఫైళ్లమధ్య పడేస్తే పాపం చుట్టుకుంటుంది. నేనున్నంతకాలం నిన్ను తాండూరునుంచి ఎవరూ కదిలించలేరు!"

చప్పట్లు మోగాయి. అరుణాదేవి మాత్రం కొట్టలేదు. నెమ్మదిగా సంచి తెరిచి, కత్తెర తీసి భర్త చేతిలో పెట్టింది.

"తెంపుకోండి" అంది.

తెగినచోట హన్మమ్మ మళ్లీ ముడేసింది. డైరెక్టరు హారాన్ని రాజధానిలో ప్రదర్శనకు పెట్టించాడు. ఆ ఏడు తాండూరు బ్లాకునుంచి హైదరాబాదుకు బదిలీ అయింది అదొక్కటే.