వకుళ గ్లాసులో మంచు

పెళ్లయిన ఇరవై ఎనిమిదో ఏట, మార్చి నెల రెండో మంగళవారం నుంచి, వకుళ తన కోసం పోసుకున్న టీ, ఆమెను ఎవరైనా పిలవగానే మంచు కట్టడం మొదలుపెట్టింది. మామూలుగా చల్లారిపోవడం కాదు. చల్లారడం ఆ ఇంట్లో మొదటి నుంచీ ఉన్నదే. ఇప్పుడు గ్లాసు అంచుల నుంచి లోపలికి సన్నటి మంచు పలుకులు పాకి, మీగడ తెట్టు కింద ఐసు ముక్కలు తేలసాగాయి.

మొదటిసారి ఆమె వంటింట్లో పీట మీద కూర్చుని గ్లాసు ఊదుకుంటోంది. ముందుగదిలోంచి భర్త జగన్నాథం, "ఇదిగో, నిన్నే, నా కళ్లజోడు కనపట్టం లేదు" అన్నాడు. ఆమె గ్లాసు కింద పెట్టి వెళ్లి, ఆయన ముందున్న పేపరు ఎత్తి, దాని కిందున్న కళ్లజోడు తీసి చేతికిచ్చి వచ్చింది. అప్పటికి గ్లాసుకు బయట చెమట పట్టి ఉంది. చెంచాతో తడితే టక్కుమంది. ఆ ముక్కల్ని నమిలేసి, గ్లాసు కడిగి బోర్లించి, పులుసులోకి చింతపండు నానబెట్టింది.

ఇంట్లో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఫ్రిజ్ పాడై అప్పటికి రెండు వారాలైంది, కంకిపాలెంలో ఎండలు ముదిరిపోయాయి. "పోన్లే, ఒక పని తప్పింది" అంది అత్తగారు పేరిందేవమ్మ. డిగ్రీ చదువుతున్న కూతురు లహరి మాత్రం ఆ గ్లాసులో వేలు పెట్టి నాకి, కళ్లు పెద్దవి చేసుకుంది.

"అమ్మా, దీన్ని ఐస్‌డ్ మసాలా లాటే అంటారు. కొత్త కెఫేలో గంట నిలబడితే గానీ ఇవ్వరు. పాలు ఇంకాస్త నురగ రావాలి, అంతే."

ఆ వారమంతా తల్లీకూతుళ్లు దాని మీదే పడ్డారు. అల్లం, యాలకులు, దాల్చినచెక్క, నాలుగు మిరియాలు, ఒక్క లవంగం కచ్చాపచ్చాగా దంచి, రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా మరిగించాలి. చల్లదనంలో రుచి చప్పబడుతుంది కాబట్టి టీపొడి రెట్టింపు పడాలి. పంచదార వేడి మీదే కరిగించాలి. పాలు విడిగా మూత బిగించిన సీసాలో పోసి, చెయ్యి నొప్పి పుట్టేదాకా ఆడించి నురగ తేవాలి. ఇదంతా ఎవరైనా చేయగలిగిందే. ఆఖరి మెట్టు మాత్రం వకుళ ఒక్కతే చేయాలి. ఆ డికాషన్ ముందు కూర్చుని, దాన్ని వేడివేడిగా తాగాలని నిజంగా అనుకోవాలి. ఊరికే కూర్చుంటే మంచు కట్టదు. ఎవరికోసమో చేస్తున్నానని మనసులో ఉన్నా కట్టదు. తనకే కావాలి, తనే తాగాలి అనుకుని గ్లాసు పెదవుల దాకా తెచ్చుకున్నప్పుడు ఎవరో ఒకరు పిలవాలి.

అలా అనుకోవడం ఆమెకు ఏమంత కష్టం కాలేదు. ఆ కోరిక ఇరవై ఎనిమిదేళ్లది ఆమె దగ్గర నిలవ ఉంది.

మంచు కట్టిన డికాషన్‌ను పొడుగు గ్లాసుల్లో పంచి, మీద పాలనురగ పోస్తే, గోధుమరంగు తీగలు తెల్లటి పాలలోకి మెల్లగా దిగేవి. పేరిందేవమ్మ మొదటి గుక్క తాగి, కళ్లు మూసుకుని, "ఎంత హాయిగా ఉందే" అంది. ఆ ఇంట్లో ఒక వంటకానికి అంత పొడుగు మెచ్చుకోలు రావడం అదే మొదలు. వకుళ సంతోషంతో లోపలికెళ్లి ఇంకో విడత మరిగించింది.

ఏప్రిల్లో మున్సిపాలిటీ శీతల విభాగం నుంచి గవర్రాజు అనే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇళ్లలో పుట్టే చల్లదనాన్ని నమోదు చేయడం ఆయన పని. సంచిలోంచి థర్మామీటరు, పదకొండో నంబరు ఫారం తీసి బల్ల మీద పరిచాడు.

"వనరు ఎవరండి?"

"మా ఆవిడ" అన్నాడు జగన్నాథం.

దరఖాస్తుదారు అన్నచోట జగన్నాథం పేరు, వనరు అన్నచోట 'భార్య' అని రాసుకుని, ఆయన పరీక్ష మొదలుపెట్టాడు. జగన్నాథం పిలుపుకు ఈసారి టీ నాలుగు డిగ్రీలదాకానే దిగింది. పేరిందేవమ్మ "ఏమ్మాయ్, నా మాత్ర!" అనగానే సున్నా చూపించింది. లహరి "అమ్మా, నా చున్నీ ఎక్కడ పెట్టేశావ్?" అని మేడ మీంచి అరిస్తే సున్నాకు ఇంకో రెండు కిందికి పోయి, థర్మామీటరు గ్లాసులో ఇరుక్కుపోయింది.

"పిల్లల పిలుపు ఎక్కడైనా బ్రహ్మాండంగా పని చేస్తుందండి" అన్నాడు గవర్రాజు, దాన్ని లాక్కుంటూ. "మా ఇంట్లోనూ ఇదే. మా అమ్మ దగ్గర్నించీ ఉంది. ఎటొచ్చీ ఇంతవరకూ రిజిస్టరు చేయించలేదు."

ఫారంలో పద్నాలుగో గడి దగ్గర ఆయన కలం ఆగింది. "వనరుకు వేడి టీ అవసరం ఉందా అని అడుగుతున్నారండి."

జగన్నాథం నిజాయితీగా ఆలోచించాడు. "ఎప్పుడూ అడగలేదండి" అన్నాడు.

గవర్రాజు 'లేదు' అని రాశాడు. వకుళ అప్పుడు ఆయన కోసం పాలు ఆడిస్తోంది. సీసా చప్పుడులో ఆ ప్రశ్న ఆమెకు వినపడలేదు.

పది రోజుల్లో మున్సిపాలిటీ నుంచి రిజిస్ట్రేషన్ కార్డు వచ్చింది. దాని ప్రకారం చుట్టుపక్కల నాలుగిళ్లకు సాయంత్రం నాలుగింటికి ఒక్కొక్క గ్లాసు అందాలి, సరఫరాకు అంతరాయం కలగకూడదు. వకుళకు ఆ నాలుగింటి వేళ బాగా నచ్చింది. చీర మార్చుకుని, ట్రేలో గ్లాసులు పెట్టుకుని వీధిలోకి నడిచేది. గుమ్మాల్లో ఆడవాళ్లు ఎదురుచూసేవాళ్లు. అన్నేళ్లుగా ఆ వీధిలోనే ఉంటున్నా, తనని చూసి ఇంతమంది నవ్వడం ఆమె ఎరగదు. పక్కింటి సుభద్రమ్మగారు వడదెబ్బ తగిలి మంచాన పడ్డప్పుడు, ఆవిడ నోటికి మరేదీ సహించలేదు. ఆ గ్లాసు మాత్రం రెండు చేతులా పట్టుకుని గటగటా తాగేది. "నీ చేతిలో చలవ ఉందమ్మా" అనేది. చలవ చేతిలోది కాదని వకుళకు తెలుసు. అయినా ఆ మాట ఆమె ఇంటిదాకా మోసుకొచ్చుకునేది.

మే నెలాఖరున ఒక బుధవారం ఇల్లు ఖాళీ అయింది. జగన్నాథం ఆఫీసు పని మీద క్యాంపు వెళ్లాడు. లహరి పరీక్ష రాయడానికి పొద్దున్నే బయల్దేరింది. పేరిందేవమ్మను ఆడపడుచు వచ్చి అమలాపురం తీసుకెళ్లింది. మూడింటికి వకుళ ఎప్పటిలాగే డికాషన్ కాచి, వడకట్టి, పీట మీద కూర్చుంది. తాగాలనుకుంది. గ్లాసు పెదవుల దాకా వచ్చింది.

ఎవరూ పిలవలేదు.

ఆమె కొంచెంసేపు చూసి, తాగింది. అల్లం గొంతులో సూటిగా దిగి, ఛాతీలో విచ్చుకుంది. మిరియాల ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. యాలకుల వాసన లోపలి నుంచి ముక్కులోకి వచ్చింది. తను అంత బాగా టీ పెడుతుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. గ్లాసు అడుగుదాకా తాగి, నాలుక చురుక్కుమంటుంటే కదలకుండా కూర్చుండిపోయింది. గోడ మీద బల్లి అరిచింది. వీధిలో ఐదు నిమిషాలపాటు ఎవరూ దేనికీ ఎవర్నీ పిలవలేదు. ఆమెకు భయం వేసింది.

గడియారం మూడున్నర చూపిస్తోంది. సుభద్రమ్మగారు మంచం మీద గుమ్మం వైపు తిరిగి పడుకుని ఉంటుంది. వకుళ రెండో విడత కాచి, కార్డు మీదున్న నంబరుకు ఫోను చేసింది.

"టీ మంచు కట్టట్లేదండి."

"పిలిచారా ఎవరన్నా?" అడిగాడు గవర్రాజు.

"ఇంట్లో ఎవరూ లేరండి."

"ఆయ్, అయితే వనరు బాగానే ఉందండి. వాడకం లేదంతే. కంగారు పడకండి. ఎవరు పిలవాలన్నది రూల్సులో ఎక్కడా లేదు. మిమ్మల్ని మీరే పిలుచుకోండి."

ఆమె ఫోను పెట్టేసి, గ్లాసు ముందు కూర్చుని, దాన్ని తాగాలని మళ్లీ అనుకుని, "వకుళా" అంది. టీ మీద ఆవిరి అలాగే లేస్తోంది. మళ్లీ కాస్త గట్టిగా, "వకుళా" అంది. ఆ పేరు ఎవరిదో అన్నట్టు గదిలో తిరిగి పోయింది. ఆవిరి తగ్గలేదు.

కాసేపు ఆలోచించి, గొంతు కొంచెం బొంగురు చేసి, "ఏమ్మాయ్, నా మాత్ర!" అంది.

"వస్తున్నానండీ" అని తనే బదులిచ్చి, గ్లాసు కింద పెట్టి లేచింది. అత్తగారి గదిలోకి వెళ్లి, ఖాళీ మంచం పక్కన ఒక నిమిషం నిలబడి, దుప్పటి సవరించి వచ్చింది. తిరిగొచ్చేసరికి గ్లాసు అంచున పలుకులు మొదలయ్యాయి. సరిపోదని, "అమ్మా, నా చున్నీ!" అని అరిచి, మేడ మెట్లు సగందాకా ఎక్కి దిగింది. ఈసారి చెంచా టక్కుమంది.

నాలుగు కావడానికి ఐదు నిమిషాలుందనగా ట్రే పట్టుకుని ఆమె వీధిలోకి దిగింది. నాలుగిళ్లకూ అందింది. సుభద్రమ్మగారు గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "రోజూకంటే ఇవాళ ఇంకా బాగా కుదిరింది. ఏం వేశావ్?" అంది.

"ఏమీ లేదండి. ఇవాళ తీరిగ్గా చేశాను" అంది వకుళ.

ఇంటికొచ్చాక, లహరి రావడానికి ఇంకా రెండు గంటలుందని, తన కోసమని మరో గ్లాసు పెట్టుకుంది. ఇది ఎవరికీ ఇవ్వక్కర్లేదు. వేడిగానే తాగొచ్చు. పీట గోడకు జరుపుకుని, కాళ్లు చాపుకుని, గ్లాసు ఎత్తింది. అల్లం వాసన ముఖానికి తగిలింది. ఎవరూ పిలవలేదు, ఆమె కూడా ఎవరి గొంతూ తెచ్చుకోలేదు. అయినా గ్లాసు కింద పెట్టి, "వస్తున్నా" అంటూ లేచి, ముందుగదిలోకి వెళ్లింది. అక్కడ చేయాల్సిందేమీ కనిపించక, కుర్చీలు సర్ది, పేపరు మడతపెట్టి వచ్చింది.

టీ చక్కగా మంచు కట్టి ఉంది. ఆమె పాలనురగ పోసుకుని, తృప్తిగా తాగింది.