హార్మోనీ వైద్యం

చీరాలలో మార్కండేయులు నేసిన చీరకు వంక పెట్టినవాడు లేడు. అతని హార్మోనీకి వంక పెట్టనివాడూ లేడు. అందుకే భార్య నాంచారమ్మ ఆ పెట్టెను అటకెక్కించి ఏడాదయింది. పాపం, మనిషి మగ్గం ముందున్నా మనసంతా అటక మీదే.

నెల తప్పింది మొదలు నాంచారమ్మకు ఒకటే నీరసం. మగ్గానికి నూలు కండెలు చుడుతూ చుడుతూ రాట్నం పక్కనే కునుకు తీసేది. నాలుగో నెల రాగానే మార్కండేయులు ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. లోపలికి మగవాళ్ళను రానివ్వరు గనక తలుపుకు చెవి ఆనించి వరండాలో నిలబడ్డాడు.

"భయం లేదమ్మా, అంతా హార్మోన్ల పని," అంటోంది నర్సు రూతమ్మ. "ఇన్నాళ్ళూ పడుకోబెట్టినవీ అవే, ఇక లేపి తిప్పేవీ అవే. రోజూ పొద్దున్నే కాస్త నడవాలి."

మార్కండేయులు చెవిలో అమృతం పోసినట్టయింది. ఇంటికి రాగానే అటకకు నిచ్చెన వేశాడు.

"ఎందుకయ్యా ఎక్కుతున్నావు?"

"నీకోసమేనే! అంతా హార్మోనీల పని అని నర్సమ్మ చెప్పలా? నా పెట్టె మూతబడబట్టే నీకీ నీరసం!"

నాంచారమ్మ ఏదో చెప్పబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది.

"అంతేనంటావా?"

"ముమ్మాటికీ!"

"అయితే వాయించు మరి."

ఏడాది కరువు తీరా వాయించాడు. పక్కింటి బుల్లయ్య గేదె పాలచెంబును తన్నేసింది. నాంచారమ్మ మాత్రం లేచి ఇల్లూ వాకిలీ ఊడ్చి, బుట్టెడు కండెలు చుట్టింది.

"చూశావుటే నా చేతి మహిమ!" అంటూ మార్కండేయులు మీసం దువ్వాడు.

ఆ దువ్వడమే కొంప ముంచింది.

మర్నాడు తెల్లారగానే ఆమె కొంగు దోపుకుని గుమ్మంలో నిలబడింది. "పద, నడవాలిగా."

"నువ్వు నడువు, నేనిక్కడ కూర్చుని వాయిస్తా."

"నేను స్టేషను దాకా నడుస్తా. అక్కడికి వినపడొద్దూ? పాట ఆగిందంటే నడివీధిలో కూలబడతా. నీ ఇష్టం."

పెట్టెను పైపంచెతో మెడకు కట్టుకుని వెనకే బయల్దేరాడు మార్కండేయులు. ఊపిరి తీసుకుందామని ఆగితే చాలు, "అబ్బా, నా కాళ్ళు!" అంటూ ఎవరి అరుగు మీదో చతికిలబడేది.

"ఏరా, ఊరేగింపా? దేవుడేడీ?" అన్నాడు బుల్లయ్య.

"ముందు నడుస్తున్నాగా!" అంది నాంచారమ్మ.

వారం తిరిగేసరికి మార్కండేయులు మెడ పట్టేసి మగ్గం మీదికి వంగలేకపోయాడు. తనే నిచ్చెన తెచ్చాడు.

"దీన్ని అటకెక్కిస్తానే తల్లీ! నీకు నీరసమొస్తే కండెలు నేనే చుడతా, పురుడొచ్చేదాకా!"

"రూతమ్మగారు చెప్పింది హార్మోన్లయ్యా. అవి నా ఒంట్లో ఉంటాయి, నీ పెట్టెలో కాదు."

"ఓసినీ! ముందే తెలుసా? మరి చెప్పవేం?"

"నీ మొహంలో ఆ నవ్వు చూసి ఏడాదయింది. ఒక్కపూట వాయించుకోనిద్దామనుకున్నా. నువ్వు మీసం దువ్వావు."

మార్కండేయులు మెడ పట్టుకుని నిచ్చెనెక్కాడు. పురుడొచ్చేదాకా కండెలన్నీ అతనే చుట్టాడు. బుల్లయ్య రోజూ గోడ మీంచి తొంగిచూసి, "ఏరా మార్-కండెలూ!" అని పలకరించేవాడు. వీధంతా ఆ పేరే ఖాయం చేసింది.